శబ్దం తప్ప అన్నీ పనిచేస్తున్నాయి

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అందుకని ఎవరి ఫోన్ మొరాయించినా, ఎవరి కరెంటు బిల్లు అర్థం కాకపోయినా నన్నే పిలుస్తారు. నేనూ కాదనకుండా వెళతాను. మా అక్క మొగుడు మాత్రం నన్ను పనికి పిలవడు. తన పని చూసి మెచ్చుకోవడానికి పిలుస్తాడు.

ఈసారి మెచ్చుకోవాల్సింది కంప్యూటర్ని. వాళ్ళ పాప బట్టలు పెట్టుకునే బల్ల ఖాళీ చేయించి, దాని మీద అద్దాల పెట్టె ఒకటి నిలబెట్టాడు. లోపల ఫ్యాన్ల చుట్టూ దీపాలు ఎరుపు నుంచి నీలానికి, నీలం నుంచి పచ్చకి మారుతున్నాయి. పాప బట్టలు కుర్చీ మీద కుప్పగా ఉన్నాయి.

"ఎలా ఉంది డిగ్రీ?" అన్నాడు. ఆయన నన్ను పేరుతో పిలవడు.

"దీపాలు బాగున్నాయి బావా," అన్నాను.

అసలు సంగతి ఇది. పాప పుట్టకముందు అక్క ఒక రికార్డింగ్ స్టూడియోలో పనిచేసేది. పాఠాలు చదివేవాళ్ళ గొంతుల్లోంచి దగ్గులు, తడబాట్లు, రెండుసార్లు పలికిన మాటలు కోసి తీసేయడం ఆమె పని. ఆ స్టూడియో నడిపే మేడం, ఇంటి నుంచే చేసుకోమని అక్కకి ఒక అవకాశం ఇచ్చింది. ముందు ఒక పాఠం శుభ్రం చేసి శనివారానికల్లా పంపాలి, అది నచ్చితే పని ఖాయం. వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క కంపెనీ కంప్యూటర్లలో నడుస్తుంది. పాపని వదలకుండా సంపాదించుకోవచ్చని అక్క ఆశ. ఆ కంపెనీదే వాడేసినదొకటి చూడమని మొగుణ్ణి అడిగింది.

బావ చూడలేదు. లేబుల్ చూసి కొనేవాళ్ళు వెర్రివాళ్ళని ఆయన సిద్ధాంతం. తన చేతులతో పెట్టె బిగించి, అందులో ఆ కంపెనీ మెషీన్లని నడిపే సిస్టం సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తానన్నాడు.

"అది వాళ్ళ మెషీన్లలో తప్ప ఎక్కదంటారు కదా బావా," అన్నాను.

"అది పుస్తకాలు చదివి పాసయ్యేవాళ్ళకి చెప్పే మాట."

నేను పుస్తకాలు చదివే పాసయ్యాను కాబట్టి ఊరుకున్నాను. కానీ ఆ పుస్తకాల్లో లేని చిన్న విషయం ఒకటుంది. ఇలాంటి పని చేసేవాళ్ళు ఆ సిస్టం ఏ భాగాల్ని గుర్తుపడుతుందో ముందు చూసుకుని, తర్వాత కొంటారు. బావ దీపాలు చూసి కొన్నాడు, కొన్నాక ఇంటికొచ్చి చదివాడు.

అయినా సిస్టం ఎక్కింది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పరిగెత్తి, ఆగి, మళ్ళీ మొదటికొచ్చి, ఎన్నిసార్లో అలా జరిగాక కంపెనీ బొమ్మ కనిపించింది. బావ వెంటనే చేసిన పని, మెషీన్ వివరాలు చూపించే చిన్న కిటికీ తెరిచి ఫోటో తీయడం. ఇలాంటి పెట్టెలు బిగించేవాళ్ళకి ఆన్‌లైన్‌లో ఒక గుంపు ఉంది. ఆ కిటికీ ఫోటో పెడితే మగాడికింద లెక్క. మెషీన్ పేరు ఉండాల్సిన చోట బావ ఆ కంపెనీ ఖరీదైన మోడల్ పేరు తానే టైప్ చేసుకున్నాడు. గాడిదకి గుర్రమని పేరు రాసి, అదే చదివి మురిసిపోయాడు.

ఫోటో కింద ఇలా రాశాడు: శబ్దం తప్ప అన్నీ పనిచేస్తున్నాయి.

"ఏమండీ, నా పనే శబ్దం," అంది అక్క.

"తొంభై శాతం అయిపోయింది కదే. ఎప్పుడూ లేనిదాని మీదే నీ కన్ను."

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా అల్లుడి పెట్టెలో అన్నీ ఉన్నాయి, నోరొక్కటే లేదు. పక్కన గుచ్చితే పాట వినిపించే పుల్లలాంటి పరికరం ఒకటి దొరుకుతుంది, తెస్తానన్నాను. అందులో పనితనం ఏముందన్నాడు. రెండు రోజులు అక్క హెడ్‌ఫోన్ చేత్తో పట్టుకుని ఎదురుచూసింది. ఆయన గుంపులో ప్రశ్నలు అడుగుతూ కూర్చున్నాడు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా, చివరికి శబ్దం వచ్చింది. గుంపులో ఎవరో పంపిన ఫైలు వేస్తే వచ్చింది. అక్క పాపని ఒళ్ళో పెట్టుకుని పాఠం పని మొదలుపెట్టింది. నేను వెళ్ళి చూశాను. తెర మీద గొంతు గీతలుగా పాకుతుంటే, చదివేవాళ్ళు ఊపిరి తీసే చోటు ఎక్కడో అక్క కంటితోనే పట్టేసి కోసేస్తోంది.

"ఇంకో డిస్కులో కాపీ పెట్టుకో అక్కా," అన్నాను.

"మీ బావ ఏదీ గుచ్చనివ్వట్లేదురా. ఎందులో ఏం పెట్టినా బిగుసుకుపోతోందట."

"మరి ఇంటర్నెట్‌లో పెట్టు."

"పెద్ద ఫైలు. పూర్తయ్యాక ఒకేసారి పంపుతానులే, పావు భాగమే మిగిలింది."

శుక్రవారం పొద్దున అక్క పాపకి స్నానం చేయిస్తోంది. గుంపులో ఒకడు బావ ఫోటో కింద వ్యాఖ్య పెట్టాడు: దాన్ని కంపెనీ పంపే అప్‌డేట్ తీసుకోమను, అప్పుడు ఒప్పుకుంటాం. అసలు కంపెనీ మెషీన్ అయితే అప్‌డేట్ తీసుకుని లేచి కూర్చుంటుంది. పేరు మార్చుకున్న పెట్టె అప్‌డేట్ జోలికి పోకూడదు. ఇది ఆ గుంపులో చేరినవాడికి మొదట చెప్పే మాటే. బావకీ తెలుసు. కానీ తాను టైప్ చేసుకున్న పేరుని అప్పటికి తానే నమ్మేశాడు. నొక్కాడు.

తెర నల్లబడింది. అక్షరాలు పరిగెత్తి ఒకచోట ఆగిపోయాయి. బావ తీసి మళ్ళీ వేశాడు. తర్వాత ఆ గుంపులో అందరూ చేసే పనే చేశాడు, డిస్కులో ఉన్నదంతా తుడిచేసి మొదట్నుంచీ ఎక్కించడం మొదలుపెట్టాడు. అక్క తువ్వాల్లో పాపని చుట్టుకుని వచ్చేసరికి తుడవడం అయిపోయింది.

"నా పాఠం?" అంది అక్క.

"సిస్టం ఎక్కనీ. మళ్ళీ చేసుకోవచ్చు. ఒకసారి చేసిందే కదా."

అక్క చీర మార్చుకుంది. పాపని ఆయన ఒళ్ళో పెట్టి, పాలసీసా బల్ల మీద పెట్టి, స్టూడియోకి వెళ్ళిపోయింది. అక్కడ మేడంకి ఉన్నదున్నట్టు చెప్పిందట. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"ఆవిడ నవ్విందిరా. మీ ఆయన సరదాలకి నా పాఠం దొరికిందా అంది. ఇక్కడే కూర్చుని మళ్ళీ చేశాను. బాగుందంది."

"మరి ఇంట్లో పని?"

"ఇంటికి ఇవ్వదట. నమ్మకం లేదంది. రోజూ వచ్చి చేస్తే కుర్చీ ఉందంది. వస్తానన్నాను. పాప ఇవాళంతా నా కోసం ఏడ్చి ఉంటుంది."

నేను వాళ్ళింటికి వెళ్ళాను. బావ ఒక చంకలో పాప, ఇంకో చేత్తో కీబోర్డు. పాప ముక్కు కారుతోంది, లాగు తడిసింది. దీపాలు మాత్రం మారుతున్నాయి.

"చూడు డిగ్రీ, శబ్దంతో సహా అన్నీ వచ్చాయి. మీ అక్కకి చెప్పు, రేపట్నుంచి ఇంట్లోనే చేసుకోవచ్చని."

"అక్క రేపట్నుంచి స్టూడియోకి వెళుతుంది బావా. రోజూ."

ఆయన నన్ను చూశాడు, తెరని చూశాడు.

"మరి ఇది ఎవరికి?"

ఆ ప్రశ్న ఆయన ముందే వేసుకుని ఉంటే బాగుండేదని చెప్పాలనిపించింది. పెద్దవాడు కదా అని మింగేశాను.

"పాపని కాస్త పట్టుకో, లాగు మార్చాలి," అని నా వైపు చాచాడు.

ఈ ఇంట్లో ఎవరు ఏ పని చెప్పినా కాదనని వాణ్ణి. కుర్చీ మీది కుప్పలోంచి పొడి లాగు ఒకటి వెతికి ఆయన చేతికిచ్చాను. పాపని మాత్రం అందుకోలేదు.

"మార్చండి బావా," అన్నాను. "నేను చూస్తాను."