అలుపెరగని మనిషి

ఫ్యాక్టరీకి వారానికో రోజు పూర్తి సెలవని మేనేజరుగా ఆయన ప్రకటించినప్పటి నుంచి ఆయన భార్యకు ఆ రోజే చాకిరీ ఎక్కువైంది. యంత్రాలు ఆగిపోతాయి, పనివాళ్ళు పిల్లలతో గడుపుతారు, మేనేజరుగారింట్లో మాత్రం తెల్లారకముందే పొయ్యి వెలుగుతుంది. ఆ రోజు ప్రార్థనకి ఓ పదిమందైనా వస్తారు. వచ్చినవాళ్ళని తినకుండా పంపడం ఆయనకి ఇష్టం ఉండదు.

ఉల్లిపాయలు తరుగుతూ, ఆయన చెడ్డవాడైనా బాగుండేదని ఆమె ఒక్కోసారి అనుకునేది. అప్పుడు కనీసం నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు. ఆయన మంచివాడు. బట్టలకి రంగులద్దే ఆ ఫ్యాక్టరీ మురుగు వెనకున్న వాగులోకి పోతుంటే చూడలేక, నీళ్ళు శుభ్రం చేసే యంత్రం పెట్టకపోతే ఉద్యోగం మానేస్తానని యజమాని మొహమ్మీదే చెప్పాడు. "ఈ నీళ్ళు మనవి కావండీ, దేవుడు మన చేతికి అప్పగించాడంతే. రేపు ఆయన అడిగితే నేనేం చెప్పుకోను?" అన్నాడట. యజమాని గొణుక్కుంటూనే పెట్టించాడు. తర్వాత అది చూసే పెద్ద పెద్ద బేరాలు వచ్చాయి. వాగులో మళ్ళీ చేపలు కనిపించాయని ఆయన కళ్ళనీళ్ళతో చెప్పిన రోజు ఆమెకీ ఏడుపొచ్చింది. అలాంటి మనిషి గురించి ఎవరితో ఏమని చెప్పుకుంటుంది? ఒకసారి అమ్మ దగ్గర నోరు విప్పితే, "తాగడు, తిట్టడు. ఇంకేం కావాలే నీకు?" అంది. అత్తగారైతే ఆమె చేత కాళ్ళు పట్టించుకుంటూ, "పెట్టి పుట్టావమ్మాయ్" అనేది.

ఆ వారం వచ్చినవాళ్ళలో ఫ్యాక్టరీ బట్టలు కొనే కంపెనీ నుంచి ఒక పెద్దావిడ ఉంది. భోజనాల దగ్గర ఆయన్ని అడిగింది.

"యంత్రాలకి కూడా సెలవిస్తారటగా, ఎందుకండీ?"

"దేన్నైనా ఆపకుండా వాడితే అరిగిపోతుంది కదండీ. మనకి అప్పగించినదాన్ని అరగదీసే హక్కు మనకెక్కడిది?"

ఆవిడ తలూపి, వడ్డిస్తున్న ఆమె వైపు చూసింది. "ఇంతమందికీ ఈవిడొక్కరే వండారా?"

"మా ఆవిడ అలుపెరగని మనిషండీ," అన్నాడాయన గర్వంగా. నిజంగానే గర్వంగా.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. బాయిలరు ఎప్పుడు అలుస్తుందో, ఏ మోటారు ఏ పూట మూలుగుతుందో ఆయన దూరం నుంచి శబ్దం విని చెప్పేస్తాడు. నడుం పట్టేసి ఒత్తిగిలలేక ఆమె పక్కనే మూలిగితే మాత్రం మెలకువైనా రాదు.

"నేనూ అలుస్తానండీ," అంది.

అందరూ నవ్వారు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. పెద్దావిడ ఒక్కతే నవ్వలేదు. కంచంలోకి చూస్తూ తినడం ముగించింది.

అందరూ వెళ్ళాక, "భలే చమత్కరించావు," అన్నాడాయన.

"చమత్కారం కాదండీ. నిజంగానే అలిసిపోయాను."

ఆయన తెల్లబోయాడు. "ముందే చెప్పొచ్చుగా! ఏదో ఒకటి చేసేవాణ్ణి."

"యంత్రాలు చెప్పాయా మీకు?"

మనసు నొచ్చుకుంటే ఆయన చేసేది ఒకటే. ప్రార్థన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఆమె సింకు నిండా ఉన్న గిన్నెల ముందు నిలబడి కుళాయి తిప్పింది. గోడ అవతలి నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. పనివాళ్ళ ఆరోగ్యం గురించి అడిగాడు, వాగు గురించి అడిగాడు, యజమానికి మంచి బుద్ధినిమ్మన్నాడు. తన గురించి ఒక్క మాటైనా వస్తుందేమోనని ఆమె కుళాయి కట్టేసి చెవులు రిక్కించింది.

వచ్చింది.

"నా భార్యకి ఇంకాస్త ఓపికనివ్వు దేవుడా."

ఆమె చేతులు తుడుచుకుంది. గిన్నెలు అలాగే వదిలేసి, గదిలోకి వెళ్ళి, పట్టపగలు మంచం మీద నడుం వాల్చింది. కళ్ళు మూసుకుని, ఎన్నాళ్ళకో తనూ ఆ దేవుణ్ణే ఒక్కటి అడిగింది.

"ఇవ్వకు."