విటుస్ పాలగదిలో గోధుమ బీరు

బెన్నో నలభై ఏళ్ళు ఊళ్ళోని బీరు కార్ఖానాలో పులియబెట్టే తొట్ల దగ్గరే పనిచేశాడు. రిటైరయ్యాక ఏటా జూన్‌లో ఇంటి నేలమాళిగలో ఒక డ్రమ్ము గోధుమ బీరు తనే కాచుకునేవాడు. భార్య అఫ్రాను మూత దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. అలాంటివాడు ఈ ఏడు తనే ఆమెను కిందకు పిలిచాడు. మార్చిలో వచ్చిన జ్వరం పోతూ పోతూ అతని ముక్కును పట్టుకుపోయింది. ఉల్లిపాయకీ గులాబీకీ తేడా తెలియడం లేదు. ఆ సంగతి అఫ్రాకు తప్ప బవేరియాలో ఇంకెవరికీ చెప్పలేదు.

"థర్మామీటరు నేను చూసుకుంటా. నువ్వు వాసన చూసి చెప్పు, చాలు," అన్నాడు.

"ఇన్నాళ్ళకి పనికొచ్చానన్నమాట," అంది అఫ్రా.

ఈస్ట్ కలిపిన మర్నాటికి నురగ మూతను తన్నేంతగా పొంగింది. పద్దెనిమిది డిగ్రీలు. అఫ్రా వంగి చూసి, "లవంగం," అంది. బెన్నో మొహం విచ్చుకుంది. చల్లగా పులిస్తే లవంగం, వేడెక్కితే అరటిపండు. అతనికి కావలసింది లవంగమే.

మూడోనాడు ఎండ విరుచుకుపడింది. నేలమాళిగ కూడా ఉక్కపోసింది. పులిసే బీరు తనలో తానే వేడి పుట్టిస్తుంది గనక డ్రమ్ము గదికన్నా ఎక్కువ కాగుతోంది. తడి గోనెలు చుట్టారు, గడ్డకట్టిన నీళ్ళ సీసాలు ఆనించారు. అయినా మధ్యాహ్నానికి ఇరవై నాలుగుకెక్కింది.

"ఏం వాసన?"

"అరటిపండు. కొంచెమే."

"నిజం చెప్పవే."

"పళ్ళకొట్లో నిలబడ్డట్టుంది."

బెన్నో మెట్టు మీద కూలబడ్డాడు. "పారబోసేద్దాం," అన్నాడు.

అఫ్రా మెట్లెక్కి పక్కింటికి నడిచింది. పక్కింటి విటుస్ ఆవుల్ని అమ్మేసినా, పాలు చల్లబరిచే గదిని కూరగాయల కోసం నడుపుతూనే ఉన్నాడు. అయితే అతనికీ బెన్నోకీ ఐదేళ్ళుగా మాటల్లేవు. కాసేపటికి విటుస్ తోపుడుబండితో సహా గుమ్మంలో నిలబడ్డాడు.

"గదిని పదిహేను దగ్గర పెట్టాను. తెస్తావా, ఇంకో ఐదేళ్ళు ఆలోచిస్తావా?"

"బీరులో వేసుకోడానికి పెంచుకున్న నా హాప్ తీగను మొదలంటా నరికినోడివి నువ్వు."

"నా కొట్టం పెంకులు ఊడదీసింది నీ తీగే."

"ఒక్క పెంకు."

"మూడు."

"ఆ పంచాయితీ తర్వాత పెట్టుకోండి. ముందు చెరో పక్క పట్టండయ్యా," అంది అఫ్రా.

డ్రమ్మును కుదపకుండా, పసిపిల్లను మోసినట్టు మెట్లెక్కించి, బండి మీద పాలగదికి చేర్చారు. సాయంత్రానికి పంతొమ్మిదికి దిగింది.

ఆ తర్వాత వారం రోజులూ భార్యాభర్తలు పొద్దున్నా సాయంత్రం విటుస్ పెరడు దాటుకుంటూ పాలగదికి వెళ్ళారు. అలా వెళ్తున్న నాలుగోనాడు విటుస్ అడిగాడు:

"ఎప్పుడూ ఆవిడే వాసన చూస్తుంది. నీ ముక్కేమైందిరా?"

బెన్నో థర్మామీటరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోయింది," అన్నాడు.

విటుస్ తల గోక్కున్నాడు. "నాకు ఎడమ చెవి పోయి మూడేళ్ళయింది. మాటల్లేవు గదా, నీకు తెలీలేదు."

బెన్నో నవ్వాపుకోలేకపోయాడు. మార్చి తర్వాత అతను అంతగా నవ్వడం అదే మొదలు.

సీసాల్లోకి ఎక్కించి మూడు వారాలు ఆగారు. ఒక ఆదివారం పొద్దున విటుస్ పెరట్లో బల్ల వేసి, తెల్ల సాసేజీలు, తీపి ఆవముద్ద, ముడివేసి కాల్చిన ప్రెట్జెల్ రొట్టెలు పెట్టుకున్నారు. బెన్నో గ్లాసు వంచి నెమ్మదిగా పోశాడు. సీసాలో అడుగున మిగిలిన బీరును గిరగిర తిప్పి, ఈస్ట్ లేపి, మబ్బులా పైన ఒంపాడు. మొదటి గ్లాసు విటుస్ ముందుకు తోశాడు.

తనది నోట్లో పోసుకున్నాడు. చల్లదనం తెలిసింది, నాలుక మీద బుడగల గిలి తెలిసింది, గోధుమ నునుపు తెలిసింది.

"పారబోద్దామన్నావటగా దీన్ని," అన్నాడు విటుస్ అప్పటికే సగం ఖాళీ చేసి.

బెన్నో కుర్చీ భార్య వైపు జరుపుకున్నాడు. "వాసన ఎలా ఉందో చెప్పు. తొందరేం లేదు," అన్నాడు.

అఫ్రా గ్లాసెత్తి కళ్ళు మూసుకుని, నింపాదిగా చెప్పడం మొదలుపెట్టింది.