పొరలో ఇరుక్కున్న బాబాయ్

మా చెల్లి బాక్టీరియా మీద పరిశోధన చేస్తుంది. తను పనిచేసే సంస్థ చూడ్డానికి జనాన్ని రానిచ్చే రోజున తన పని గురించి అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారట. ముందు ఇంట్లో చెప్పి చూసింది. రెండో మాటకే నాన్న గురక పెట్టాడు.

"ఇలా కాదు, ఆడి చూపిద్దాం," అంది.

బాక్టీరియా ఒంటి చుట్టూ పల్చటి పొర, అందులో దిగబడ్డ ప్రోటీన్లు. వాటిలో ఏదైనా పాడైతే, ఆరు ముక్కలు గుండ్రంగా చేరిన ఓ యంత్రం దాని కొస పట్టి లోపలికి లాగి, తుంచేస్తుంది. మాకు పొరంటే మధ్యలో చీలికున్న దుప్పటి. యంత్రమంటే అమ్మ, నాన్న, పిన్ని, మా ఆవిడ, చెల్లి, నేను. పాడైన ప్రోటీన్ బాబాయ్.

"పాడైన వేషం నాకే ఎందుకు?"

"మీకైతే రిహార్సల్ అక్కర్లేదు," అంది పిన్ని.

ఆ రోజు హాలు కిక్కిరిసింది. ఇద్దరు విద్యార్థులు కుర్చీలెక్కి దుప్పటి పట్టుకున్నారు. చీలికలోంచి బాబాయ్ తల వచ్చింది, భుజాలొచ్చాయి, పొట్ట దగ్గర ఆగిపోయాడు. ఆరుగురం చేతులు పట్టి లాగాం.

"చేతులు ఊడొస్తాయర్రా!"

పట్టు జారి నా చేతికి ఆయన స్వెట్టరు దారం కొస చిక్కింది. లాగాను. వచ్చింది. ఇంకా లాగాను. వరసలు వరసలుగా స్వెట్టరంతా విడిపోయి, బాబాయ్ బనీనుతో మా మధ్య ధబ్బున పడ్డాడు.

"ఇదే!" చెల్లి గంతేసింది. "ముద్దగా రాదు, విప్పి దారంలా లాగుతుంది! పొర చిరగలేదు చూడండి!"

తుంచే పని నాన్నది. కత్తెర తీసి దారాన్ని టకటకా కత్తిరిస్తున్నాడు.

"బావగారూ, ఆపండి! చలికాలమంతా కూర్చుని అల్లానది!" అరిచింది పిన్ని.

"యంత్రం ఆగదమ్మా," అన్నాడు నాన్న.

ముందు వరసలో ఓ టైలరు చెయ్యెత్తాడు. "మరి మంచి ప్రోటీన్‌ని కూడా తినెయ్యదా?"

"తినకుండా చుట్టూ పంజరంలాంటి ఇంకో ప్రోటీన్ల గుంపు అదుపు చేస్తుందని అనుకుంటున్నాం. అదెలాగో ఇంకా వెతుకుతున్నాం," అంది చెల్లి.

"వెతికాక ఒకటి మీ నాన్న చుట్టూ పెట్టు," అంది పిన్ని.

బాబాయ్‌కి ఎవరో ల్యాబు కోటు ఇచ్చారు. బొత్తాలు అందలేదు, అయినా దర్జాగా బస్సెక్కాడు. పక్క సీటావిడ డాక్టరనుకుని నాలుక చాపి చూపించింది. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, తీరిగ్గా పరీక్షించి, "నీళ్లు బాగా తాగమ్మా," అన్నాడు.