అయ్యన్న ఉపన్యాసం

సాంబారు బకెట్టు ఎడమ చేత, గరిటె కుడి చేత పట్టుకుని అయ్యన్న విస్తళ్ల వరుస వెంట వంగి నడుస్తున్నాడు. చేతులు వడ్డనలో ఉన్నా నోరు మాత్రం ఒప్పందాల చట్టంలో ఉంది. బలవంతం, మోసం, పలుకుబడి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మనిషి ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదని ఇంగ్లీషులో గొణుక్కుంటూ ఒకడి మజ్జిగన్నంలో సాంబారు పోసేశాడు. వాడు లేచి నాలుగు తిట్టాడు. అయ్యన్న తలొంచుకుని ఆ విస్తరి తీసి వేరేది వేశాడు. తిట్లు అతనికి కొత్త కాదు. వడ్డించినందుకే హాస్టల్లో ఊరికే తిండి పెడుతున్నారు, ఆ తిండిలో ఇదీ ఒక కూర.

అయ్యన్న బి.కాం. చివరి ఏడు చదువుతున్నాడు. బక్క మనిషి. మెడ పొడుగు, చేతులు ఇంకా పొడుగు. చొక్కా మోచేతుల దగ్గర రెండుసార్లు కుట్టుపడింది. ఎక్కడ నిలబడినా ఎవరికో దారి ఇస్తున్నట్టు కాస్త పక్కకు ఒరిగి నిలబడతాడు. క్లాసులో వెనక బెంచీ. మూడేళ్లుగా హాజరు పిలుస్తున్న మాస్టర్లు కూడా పేరు పిలిచాక తలెత్తి వెతుక్కోవలసిందే. చెడ్డవాడని గానీ, తెలివైనవాడని గానీ అతన్ని ఎవరూ అనలేదు. అసలు అతని గురించి మాట్లాడుకునే పని ఎవరికీ పడలేదు.

పత్తికొండ అవతల పల్లెలో అతని తండ్రి మారెన్న చిన్నపరెడ్డి ఇంట్లో జీతగాడు. తాత కూడా ఆ ఇంటి జీతగాడే. అయ్యన్న బడికి పోతానంటే రెడ్డి కాదనలేదు. ఔనని కూడా అనలేదు. అప్పట్లో ఆయన ధ్యాసంతా బేతంచెర్ల బండల గనుల మీదా, ఆదోనిలో పెట్టబోయే నూనె మిల్లు మీదా ఉండేది. ఆ పరాకులోనే ఒక పిల్లవాడు దొడ్లోంచి జారిపోయి కర్నూలు దాకా వచ్చాడు.

ఆ రోజు సాయంత్రం కాలేజీలో కామర్సు సంఘం ఇంగ్లీషు వక్తృత్వ పోటీ, విషయం ఒప్పందాల్లో సమ్మతి. గెలిచినవాణ్ణి మద్రాసులో తన బావమరిది ఆడిట్ ఆఫీసులోకి తీసుకునేలా చూస్తానని లెక్చరర్ పురుషోత్తమం గారు క్లాసులోనే చెప్పారు. పరీక్షలు కాగానే రైలెక్కడమే. ఓడినవాళ్ల సంగతి ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. మిగతావాళ్లకు తండ్రులున్నారు, మేనమామలున్నారు, అంగళ్లున్నాయి. అయ్యన్నకు ఉన్నది రెడ్డి దొడ్డి. మద్రాసు మీద అతనికి మోజేమీ లేదు. సముద్రం చూడాలని కూడా లేదు. ఫలానావాడి కొడుకని తననెవరూ ఎరగని చోట బతకాలని ఉంది, అంతే. ఆ ఆశ గురించి తలుచుకుంటే చాలు, సిగ్గుతో అతని చెవులు వేడెక్కేవి.

గదిలో తోడుండే లేవి నంద్యాల మిషన్ బడిలో చదివినవాడు, ఇంగ్లీషు వాడి నోట్లో నీళ్లలా పారుతుంది. పోటీకి వాడూ పేరిచ్చాడు. అయినా నెల రోజులుగా అయ్యన్నను పొద్దున్నే తుంగభద్ర ఇసుకలోకి లాక్కుపోయి, తాను అవతల రాతిగుండు మీద కూర్చుని, వినపడలేదు, మళ్లీ చెప్పమని అరిచేవాడు. నీళ్లు మోసే గుమాస్తాల పెళ్లాలు ఆగి చూసి నవ్వుకునేవాళ్లు. ఊరు రాజధాని అయింది గానీ ఆఫీసులు డేరాల్లో, సంసారాలు ఒంటి గదుల్లో, మంచినీళ్లకు ఏరే దిక్కు. మొదట్లో అయ్యన్న గొంతు తన కాళ్ల దగ్గరే పడిపోయేది. రానురాను ఏరు దాటింది. ఆ పొద్దున అయితే అవతల గట్టున బట్టలుతుకుతున్న మనిషి చేతిలో గుడ్డ అట్లాగే పట్టుకుని తిరిగి చూశాడు.

లేవి గుండు దిగి వచ్చి అతని గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"చూపు దించొద్దప్పా. సాయంత్రం హాల్లో వాకిలి కల్లా జూడు. వాకిట్లో ఎవురొచ్చినా సరే, వాళ్ల కండ్లల్లోకి జూసి మాట్లాడు."

అయ్యన్న బుద్ధిగా తలూపాడు. చెప్పిన మాట వినడం ఒక్కటే అతనికి బాగా వచ్చిన విద్య, ఆ విద్యే చివరికి కొంప ముంచింది.

పొద్దున బుక్ కీపింగు, మధ్యాహ్నం టైపు క్లాసు. అన్నిట్లోనూ అతను ఉన్నాడు, ఏదీ బుర్రకెక్కలేదు. అధ్యక్షత వహించాల్సిన మంత్రిగారికి తీరిక లేదని మధ్యాహ్నం కబురొచ్చింది. ప్రిన్సిపాలు గారు హడావిడిపడి, హాలులో బండలు పరిపించిన దాత ఊళ్లోనే బస చేసి ఉన్నారని తెలిసి ఆయన్ను పిలవనంపారు. ఆ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఎవరు వస్తేనేం, దండ వేయించుకునే మెడ ఒకటి కావాలి గదా!

దాత రావడం ఆలస్యమైంది. ఆయన కోసం చూసి చూసి పోటీ మొదలుపెట్టేశారు. లేవి మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, కానీ అలవాటైన నోరు కాబట్టి జనం అలవాటుగానే చప్పట్లు కొట్టారు. తర్వాత అయ్యన్న వేదిక ఎక్కాడు. ఎక్కగానే ముందు వరుసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అయ్యన్న తలెత్తి హాలు చివర వాకిలి వైపు చూశాడు, నోరు తెరిచాడు.

ఆ గొంతు ఎక్కడిది? హాలు హాలంతా సద్దుమణిగింది. పల్లెలో రైతు వేలిముద్ర వేసే పత్రంలో సమ్మతి ఎంత, భయం ఎంత అని అడిగాడు. పుస్తకంలో ఉన్న మాటలే, కానీ అతని నోట అవి చూసివచ్చిన మాటల్లా వినపడ్డాయి. పురుషోత్తమం గారు కలం కింద పెట్టి ముందుకు వంగారు. లేవి చేతులు నలుపుకుంటూ పెదవులు కదుపుతున్నాడు. అయ్యన్నకు జన్మలో మొదటిసారి ఒళ్లు తేలికైంది. నేను గెలుస్తాను అనుకున్నాడు. అంత పెద్ద మాట మనసులోనైనా ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు వాకిట్లోకి చిన్నపరెడ్డి వచ్చాడు.

తెల్లని పంచె, భుజాన జరీ కండువా, వెనకాల ప్రిన్సిపాలు గారు. అయ్యన్న చూపు తిన్నగా ఆయన కళ్లలో పడింది. మాట మధ్యలో తెగింది. చెప్పులు విడిచాడు. మెట్ల దాకా వెనక్కి నడిచి, వేదిక దిగి, గోడవారన చేతులు కట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడు.

ఆ ఊళ్లో అంతే. రెడ్డి వస్తుంటే అరుగు మీదున్నవాడు కిందికి దిగాలి, కాళ్లకు ఏమీ ఉండకూడదు. మారెన్న ఇంట్లో పిల్లలకు మాటలకన్నా ముందు నేర్పేది అదే. హాలుకు ఇవన్నీ ఏం తెలుసు? ముందు ఒకడి నవ్వు, ఆ తర్వాత బెంచీలు విరిగేటంత నవ్వు. లేవి లేచి వేదిక మీదికి పొమ్మని చేత్తో సైగలు చేశాడు. అయ్యన్నకు కనపడింది, కాలు కదలలేదు. రెడ్డి ముందు వరుసలో కూర్చున్నాడు. అంతలో అతని గడువు అయిపోయిందని గంట కొట్టేశారు. పురుషోత్తమం గారు కాసేపు చూసి, కాగితం మీద అడ్డగీత గీసి తరువాతి పేరు పిలిచారు.

మొదటి బహుమతి లేవికి వచ్చింది. దండలూ వందనాలూ అయ్యాక టిఫిను ప్లేట్లు వచ్చాయి. లేవి గోడ దగ్గరికి వచ్చాడు.

"ఏంటికి దిగినావప్పా?"

"నేను దిగలేదు లేవీ. కాళ్లు దిగినాయి."

పోయి చెప్పులన్నా తెచ్చుకొమ్మన్నాడు లేవి. రెడ్డి ఇంకా ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాడు. అయ్యన్న అడ్డంగా తలూపాడు.

రెడ్డి చేయి తుడుచుకుని అతన్ని దగ్గరికి పిలిచాడు. ఆయన మంచివాడే, ఆ పూట నిజంగానే సంతోషించాడు. ప్రిన్సిపాలు గారి వైపు తిరిగి, ఇంత చదివినా మర్యాద మరవలేదు చూడండి, మా మారెన్న పెంపకం అన్నాడు. ప్రిన్సిపాలు గారు ఆహా అన్నారు. తర్వాత రెడ్డి అయ్యన్న భుజం మీద చేయి వేశాడు. మూడు తరాల్లో ఆ ఇంటి చేయి అంత మెత్తగా ఆ భుజాల మీద పడింది అదే మొదలు.

"ఆదోని మిల్లులో నమ్మకమైన మనిషి కావల్లరా. బయట జీపుండాది, పెట్టె తెచ్చుకో. మీ నాయనకు నేను చెప్తాలే."

పరీక్షలకు ఇంకెంతో లేదని అయ్యన్న అనాలి. పొద్దున్నుంచి నోట్లో నానుతున్న చట్టమంతా గొంతు దాకా వచ్చింది.

"అట్నే సామీ," అన్నాడు.

దీపాల వేళకు జీపు ఆదోని బాట పట్టింది. వెనక వైపు, పెట్టె మీద, అయ్యన్న ఒరిగి కూర్చున్నాడు. ఆ రాత్రి హాస్టల్లో సాంబారు ఇంకెవరో వడ్డించారు. అయ్యన్న ఏడని ఒక్కడూ అడగలేదు. లేవి విస్తరి ముందు నుంచి తినకుండానే లేచిపోయాడు.

కాలేజీ జవాను హాలు ఊడ్చి, బెంచీలు సర్ది, తలుపు మూసి తాళం వేసుకుని పోయాడు. వేదిక మీద, బల్ల పక్కన, మడమలు అరిగిన రెండు చెప్పులు సభ వైపుకు తిరిగి ఉన్నాయి.