సమయాభావం వల్ల

సభ నాలుగు గంటలకని కార్డుల మీద అచ్చు వేయించి, దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టడం మనకెంతగా అలవాటైపోయిందంటే, అందులో తప్పుందని ఎవరికీ తోచదు. ఆ పోయిన కాలం ఎవరిదని కూడా ఎవరూ అడగరు. అడగక తప్పని ఒక ఉపాధ్యాయురాలి కథ ఇది.

మహబూబ్‌నగర్‌లోని ఒక కళాశాలలో మంజులత తెలుగు లెక్చరరు. తెలుగు చెప్పేవాళ్ళకు పాట కూడా తెలిసే ఉంటుందన్న లెక్కన, ఆడపిల్లల సంగీత పాఠాల బాధ్యతను ప్రిన్సిపాలు గారు ఆమె మీదే పెట్టారు. పాఠాలు చెప్పేది బుచ్చయ్య పంతులు. ఎవరికి ఏ రోజు పాఠమో నిర్ణయించడం, గది ఖాళీ చేయించడం, హార్మోనియం బాగుచేయించడం, ఏడాది చివర పిల్లల చేత కచేరీ పెట్టించడం, అన్నీ మంజులత పనులే. సంగీతానికని ఇచ్చిన గదిలో సగం వాలీబాల్ నెట్లు, విరిగిన బెంచీలు. వాటిని తీయించమని ఆమె అడిగినప్పుడల్లా ప్రిన్సిపాలు గారు చూద్దామనేవారు. పరీక్షలు వస్తే ఆ సగం గది కూడా పోయేది. పంతులు గారు సైకిళ్ళ షెడ్డులో చాప వేసుకుని పాఠం చెప్పేవారు.

ఆయన దగ్గర నేర్చుకునే పిల్లల్లో గోవిందమ్మ ఒకతె. మక్తల్ దగ్గరి పల్లె ఆమెది. తండ్రి మల్లప్ప గొర్రెలు కాస్తాడు. ఆ ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. ఆడపిల్లను చదువుకు పంపినందుకే చుట్టాలు నవ్వుతుంటే, పాట కూడా నేర్చుకుంటానని ఆమె అడిగినప్పుడు మల్లప్ప వెంటనే ఒప్పుకోలేదు. చివరికి, ఏడాది తిరిగాక వచ్చి వింటాననీ, విన్నాకనే నేర్చుకోవాలో మానుకోవాలో చెప్తాననీ అన్నాడు. ఆ మాట గోవిందమ్మ మంజులతతో చెప్పుకుంది. అందుకే కచేరీలో ప్రార్థన కాగానే మొదటి పాట ఆమెకే పెట్టింది మంజులత. పాట వినేసి మల్లప్ప మక్తల్ వైపు పోయే ఆఖరి బస్సు అందుకోవాలి. మందను పక్కవాడికి అప్పజెప్పి వస్తున్నాడు మరి.

కచేరీ రోజు మల్లప్ప అందరికంటే ముందే వచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే వద్దని, గొంగడి పరుచుకుని హాలు వెనక నేలమీద కూర్చున్నాడు. నాలుగైంది. ముఖ్య అతిథి రాలేదు. ఆయన జిల్లాలో పెద్ద అధికారి. ప్రిన్సిపాలు గారు దండ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. పాటలు మొదలుపెడదామని మంజులత అడిగితే, ఆయన రాకముందే ఎలా మొదలుపెడతామన్నారు. ఇంకాసేపటికి మళ్ళీ అడిగితే చిరాకు పడ్డారు. తెర వెనక పిల్లల తలల్లో పూలు వాడిపోతున్నాయి. బుచ్చయ్య గారు తంబూరా శ్రుతి చేసి, మళ్ళీ చేసి, చివరికి పక్కన పెట్టేశారు.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. స్వాగతం, దండలు, పరిచయం. తరువాత అతిథి గారు పంచవర్ష ప్రణాళికల గురించీ, క్రమశిక్షణ గురించీ, కాలం విలువ గురించీ మాట్లాడారు. ఆయన తరువాత కమిటీ పెద్దలు మాట్లాడారు. మల్లప్ప గుమ్మం బయటి వెలుతురు కేసి చూడడం, మళ్ళీ స్టేజీ కేసి చూడడం మంజులతకు తెర సందులోంచి కనిపిస్తూనే ఉంది. అప్పుడు ప్రిన్సిపాలు గారు మైకు ముందుకు వచ్చి, సమయాభావం వల్ల విద్యార్థినుల పాటలు రద్దు చేసి, ఒక ప్రార్థన, వందన సమర్పణతో సభ ముగిస్తున్నామని చెప్పారు.

మల్లప్ప పక్కనున్నవాణ్ణి ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు. అతను చెప్పింది విని, లేచి గొంగడి దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సెలవుల తరువాత గోవిందమ్మ చదువుకు వచ్చింది కానీ పాఠానికి రాలేదు. నాయిన మానుకోమన్నాడని మాత్రం చెప్పి తల వంచుకుంది. మంజులత ఆ ఆదివారమే బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయింది. మల్లప్ప ఆమెకు మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించాడు. అతని ముఖంలో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. గోవిందమ్మ గొంతు ఎంత మంచిదో, పాఠం మానేస్తే ఎంత నష్టమో ఆమె చెప్పుకుంటూ పోయింది. అతను చివరిదాకా విన్నాడు.

"పంతులమ్మా, నేను కోపంకొచ్చి మానుకోమనలే," అన్నాడు. "గంత పెద్ద పెద్ద సార్లు గంతసేపు మాట్లాడిన్రు. దానికి టైమున్నది. నా బిడ్డ పాటకే టైం లేదన్నరు. అంటే గది అంత అక్కెరకొచ్చే పని కాదనే గదా? మీ కాలేజీల మీరే దానికి జాగ ఇయ్యకపోతే, గొర్లు కాసుకునేటోణ్ణి నేనెట్ల ఇయ్యాలె? ఊర్లె అందరు అడిగిన్రు, నీ బిడ్డ ఏం పాడిందని. ఏం చెప్పాల్నో నాకు తెల్వలే."

మంజులత గ్లాసు కింద పెట్టింది. తప్పు తమదేనని ఒప్పుకుంది. ఈసారి కార్డు మీద వేసిన వేళకే పాట మొదలవుతుందనీ, అది తన పూచీ అనీ చెప్పింది. "గట్లయితే జర నేర్వనియ్యుండ్రి. ఇంకొక్కసారి వస్త," అన్నాడు మల్లప్ప.

మాట ఇచ్చి వచ్చింది కానీ, ఏడాది పొడుగునా ఆమె ప్రిన్సిపాలు గారిని అడగని రోజు లేదు. పాటలు ముందు పెట్టి ఉపన్యాసాలు తరువాత పెడదామంటే, అది మర్యాద కాదన్నారు. అతిథి లేకుండా మొదలుపెడదామంటే, కాలేజీకి కొత్త గదులు ఆ పెద్దమనిషి మాట మీదే రావాలన్నారు. తోటి లెక్చరర్లు, మీకెందుకమ్మా ఈ తలనొప్పి అన్నారు. ఏ ఒక్కరూ ఆమె చెప్పింది తప్పనలేదు, ఏ ఒక్కరూ వెంట నిలబడలేదు.

మళ్ళీ కచేరీ రోజు వచ్చింది. మల్లప్ప వచ్చి వెనక కూర్చున్నాడు. నాలుగైంది. అతిథి రాలేదు. ప్రిన్సిపాలు గారు దండతో గేటు దగ్గరే ఉన్నారు. ఈసారి మంజులత అడగడానికి పోలేదు. తెర తీయించి, ప్రార్థన పాడించి, గోవిందమ్మను పిలిచింది. బుచ్చయ్య గారు తంబూరా మీటి, నెమ్మదిగా అందుకోమన్నారు. మొదటి చరణం పాడేసరికి హాలులో గుసగుసలు ఆగిపోయాయి.

రెండో చరణంలో జీపు చప్పుడైంది. ప్రిన్సిపాలు గారు అతిథిని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఆపమని చేయి ఊపారు. గోవిందమ్మ చూసింది. గొంతు తడబడింది. మంజులత ఆమెకు అడ్డంగా స్టేజీ అంచుకు వచ్చి నిలబడి, పాడమన్నట్టు తల ఆడించింది. పాట పూర్తయ్యేదాకా అతిథి గారు గుమ్మంలోనే నిలబడవలసి వచ్చింది. తరువాత ఆయన ముక్తసరిగా రెండు మాటలు చెప్పి, దండ కూడా వేయించుకోకుండా వెళ్ళిపోయారు. మిగిలిన పిల్లలందరూ పాడారు.

మల్లప్ప మంజులతకు దండం పెట్టాడు. కూతురు చేత ఆ రెండో చరణాన్నే మళ్ళీ పాడించుకుంటూ బస్టాండు దాకా నడిచాడు. ఆ తరువాత గోవిందమ్మ పాఠం మానలేదు.

మంజులతకు మాత్రం మరునాడే ప్రిన్సిపాలు గారి గదికి పిలుపు వచ్చింది. సంగీతం బాధ్యత ఆమె నుంచి తీసి వేరొకరికి ఇస్తున్నట్టు చెప్పారు. ఆమె సంగీతం గది తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది.

"కాసేపు ఆగితే ఏం పోయేదమ్మా? పెద్దమనిషిని గుమ్మంలో నిలబెట్టారు," అన్నారాయన నొచ్చుకుంటూ.

"ఆయన ఒక్క పాటసేపు నిలబడ్డరు సార్. ఈ పిల్లల్ని మనం ఏండ్ల నుంచి నిలబెడుతున్నం," అంది మంజులత. "పోయిన ఏడు మనం పాట రద్దు చేస్తే, ఒక తండ్రి కూతురి పాఠాన్నే రద్దు చేసిండు. ఆయనది తప్పు కాదు, మనల్ని చూసే నేర్చుకున్నడు. ఎవరి కోసం సభ పెడ్తమో వాళ్ళకు సమయం లేదని చెప్పే సభ, ఎంత పెద్దవాళ్ళు వచ్చినా, పెట్టకపోవుడే మంచిది."