కాటప్ప చేతుల కింద

నా భార్య హొన్నమ్మ పోయిన రోజు పాడె మోసి దించేటప్పుడు నా కుడి భుజం పట్టేసింది. కర్మలు ముగిశాయి, ఎండాకాలం సెలవులూ ముగియవచ్చాయి. చేయి మాత్రం ఛాతీ దాటి లేవలేదు. బడి తెరిస్తే బోర్డు మీద రాయాలి. రాయలేకపోతే ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు చెప్పేదెలా?

పక్కింటి రైతు పెద్దతిమ్మప్ప నన్ను నాగలమడికలో కాటప్ప దగ్గరికి పిలుచుకొని పోయాడు. కాటప్ప వయసులో కుస్తీ పట్టినవాడు. ఇప్పుడు ఆముదం కాచి, పట్టేసిన ఒళ్లు రుద్దుతాడు. నీళ్ల కరువు కనుక పని కాగానే నూనెను గోనెపట్టాతో తుడిచి పంపుతాడు. ఆ ఏడు కూడా శెనక్కాయ పంట చేతికి రాలేదు. పనిలేని మగవాళ్లంతా అతని వసారాలోనే ఉన్నారు. కొందరికి నొప్పులున్నాయి. మిగిలినవాళ్లు చూడడానికి వచ్చారు.

నాకంటే ముందు గుండప్ప అనే రైతు పడుకున్నాడు. నడుము మీద చేయి పడగానే మొదలుపెట్టాడు.

“ఒరే కాటప్పా, నీ చేతులు పడిపోను. అది నడుమురా. దున్నే మడక పట్టినట్టు పడతావేందిరా?”

కాటప్ప నవ్వి పట్టు సడలించాడు. గుండప్ప నోరు ఆగితే పట్టు మళ్లీ బిగిసేది. అప్పుడు గుండప్ప కాటప్ప తాతను కూడా కలిపి తిట్టేవాడు. పని అలా సాఫీగా సాగింది.

నా వంతు వచ్చింది. ఒకరి ఇంటికి పోయి, వాళ్ల చాప మీద పడుకొని, వాళ్లనే తిట్టడం నాకు చేతకాదు. అసలు నాకేం కావాలో చెప్పడమే చేతకాదు. ఆ పని హొన్నమ్మ చూసుకునేది. మీసం ఎంత ఉంచాలో మంగలికి, చొక్కా చంక ఎంత వదులుండాలో దర్జీకి ఆమే చెప్పేది. నేను పక్కన నిలబడేవాణ్ణి.

నూనె చుర్రున కాలింది. ఊరుకున్నాను. కాటప్ప గట్టిగా రుద్దాడు. పళ్లు బిగించాను. నేను పలకకపోయేసరికి నొప్పి ఉన్న చోటు ఇంకా తగల్లేదనుకొని, వీపు మీద మోకాలు పెట్టి చేయి లాగాడు. నేను చాప అంచు కొరికి పట్టుకున్నాను. చివరికి అతనే ముఖం చిన్నబుచ్చుకొని పక్కకు జరిగాడు. వయసైపోయిందని, చేతిలో పస పోయిందని అందరితో చెప్పుకున్నాడు. వసారాలోని వాళ్లు అతణ్ణి ఓదార్చారు. నన్నెవరూ ఓదార్చలేదు.

పెద్దతిమ్మప్ప వంగి నా ముఖం చూశాడు.

“సారు కండ్లల్లో నీళ్లుండాయప్పా.”

కాటప్ప కంగారుగా నా దగ్గరికి వచ్చాడు. “నొప్పా సారూ? నోరు మూసుకొని పడుకుంటే నాకెట్ల తెలిసేది? చెప్పల్ల కదా.”

నొప్పేనన్నాను. అంతటితో ఆగుదామనుకున్నాను. ఆగలేదు. నూనె కాలుతోందని, మెల్లగా రుద్దమని, మోకాలు వద్దని, పట్టేసింది భుజం వెనక కాదు, ముందరని చెప్పాను. అన్ని కోరికలు ఒకేసారి నేను ఎప్పుడూ చెప్పి ఎరగను.

గుండప్పకు అది చాలలేదు. తిట్టు ఏదని అడిగాడు. అందరూ ఎదురుచూశారు. నేను తల తిప్పి కాటప్పను చూశాను.

“కాటప్పా, నువ్వు అంత మంచివాడివి కాదు.”

వసారా అంతా పడి పడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది కాటప్పే. ఆ తర్వాత ప్రతి పట్టుకూ “ఈడ సరేనా సారూ? ఇంత చాలునా?” అని అడిగి, నా జవాబు విన్నాకే ముందుకు పోయాడు. నేను పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా బదులిస్తూ పోయాను.

సెలవులయ్యేదాకా పోతూ వచ్చాను. బడి తెరిచిన రోజు చేయి బోర్డు పై అంచు దాకా లేచింది. అక్షరాలు వంకరగా వచ్చాయి, కానీ వచ్చాయి.

హొన్నమ్మ వాళ్ల అక్క ఓబక్క నాకు రోజూ సంగటి, పప్పు పంపుతోంది. పప్పులో కారం ఎక్కువ. ఆమెకు ఇంకా చెప్పలేదు.