గొట్టం తల్లి చేతికిచ్చిన రోజు

ఆ పూట నర్సు చేయవలసిన పని ఒక్కటే: ఏమీ చేయకుండా నిలబడడం.

బాబుది మాటలు నేర్చే వయసు. ఊపిరి ఆడడానికి వాడి గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చారు. అందులో కఫం పేరుకున్నప్పుడల్లా సన్నని సక్షన్ ట్యూబు దించి లాగేయాలి. ఇంటికి వెళ్లాక ఆ పని తల్లిదే. బొమ్మ మీద ఆమె తడబడకుండా నేర్చుకుంది. ఇవాళ బిడ్డకు చేసి చూపితేనే డాక్టరు ఇంటికి పంపుతాడు.

గొట్టంలో గురగుర మొదలైంది. తల్లి గ్లౌజులు తొడుక్కుని ట్యూబు అందుకుంది. అందుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కానియ్యమ్మా," అంది నర్సు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

బాబు పెదవుల రంగు మారుతున్నది. నర్సు చేతులు వాటంతటవే ముందుకు వచ్చాయి. ఇన్నేళ్లూ ఇటువంటి క్షణాల్లో ఆమె తల్లులను బయటికి పంపింది, బిడ్డల మేలు కోసమేనని నమ్మింది. ఇప్పుడు, ఈ భయంలో బిడ్డ కోసం ఎంత, తన కోసం ఎంత అన్న ప్రశ్న పుట్టింది. ఈమెకు ఈ పని వచ్చేస్తే, ఇక తాను ఎవరు?

"సిస్టర్," అంది తల్లి తలెత్తకుండా, "మీ మొహం చూస్తుంటే గొట్టం మీ గొంతులో ఉన్నట్టుంది. కాస్త అటు తిరగండి."

"ఎలాగమ్మా? నేను చూడాలి కదా."

"మీరు చూస్తున్నంతసేపూ నా చెయ్యి మీ చేతికోసమే ఎదురుచూస్తోంది. పిలిస్తే వద్దురుగాని."

నర్సు తిరిగింది. గోడకు అంటించిన జిరాఫీ బొమ్మ కళ్లలోకి చూస్తూ నిలబడింది. గొట్టం వేశాక బాబు ఏడ్చినా వినిపించదు. వినిపించేదల్లా మంచం పక్కనున్న మానిటరు కూత. ప్రాణవాయువు తగ్గేకొద్దీ దాని స్వరం మెట్టు మెట్టుగా కిందికి దిగుతోంది. ఇంకొక్క మెట్టు దిగితే వెనక్కి తిరిగిపోతాననుకుంది. దిగింది. తిరగబోయింది.

సర్రున పీల్చిన చప్పుడు.

"అయిపోయింది నాన్నా, అయిపోయింది. అమ్మని తన్నొచ్చా?"

కూత పైకి లేవసాగింది. గోడకు చెయ్యి ఆనించి నర్సు నెమ్మదిగా అడిగింది: "ఇక తిరగొచ్చా అమ్మా?"

"ఉండండి సిస్టర్. వాణ్ణి కాస్త ఊపిరి తీసుకోనివ్వండి. లోపల కఫం ఇంకా ఉంది."

నర్సు గోడవైపే ఉండిపోయింది.